సూపర్‌హీరో సినిమాకు టికెట్ కొనేముందు రెండు తేదీలు చూడండి

2025 మార్చి 26న మార్వెల్ స్టూడియోస్ ఒక లైవ్ పెట్టింది. తెర మీద వరసగా షూటింగ్ కుర్చీలు, ఒక్కో కుర్చీ వీపు మీద ఒక నటుడి పేరు. కాసేపటికోసారి కెమెరా పక్కకు జరిగి ఇంకో పేరు చూపించేది. ఐదు గంటలకు పైగా అదే తంతు. చివర్లో రాబర్ట్ డౌనీ జూనియర్ వచ్చేదాకా మనిషి ముఖమే కనపడలేదు. కథ చెప్పలేదు, ఒక్క షాట్ చూపించలేదు. ఆ తర్వాత 2026 డిసెంబర్ 18కి తేదీ మార్చిన ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ తారాగణం ప్రకటన అది. లక్షల మంది కూర్చుని చూశారు.

కుర్చీలు చూడటానికి గంటలు ధారపోశారని అభిమానుల్ని ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు. అది అన్యాయం. 2008లో ‘ఐరన్ మ్యాన్’తో మొదలైన కథాప్రపంచాన్ని ఇన్నేళ్లు వదలకుండా వెంట నడిచినవాళ్లకు ఒక పేరు కనపడితే పది సినిమాలు గుర్తొస్తాయి. ఎదురుచూడటం కూడా సినిమా చూడటంలో భాగమే. మన దగ్గర కటౌట్ కట్టే రాత్రికి, టీజర్‌ను ఫ్రేము ఫ్రేముగా ఆపి చూసే కుర్రాడికి ఆ సంగతి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఎదురుచూపులో తప్పేమీ లేదు. ఆ ఎదురుచూపును సొమ్ము చేసుకోవడానికి సినిమా కంటే ముందు వదులుతున్న ‘తొలి స్పందనల’ దగ్గరే మోసం మొదలవుతోంది. వాటిని సమీక్షలుగా చెలామణీ చేయడంలో మన పోర్టళ్లు, యూట్యూబ్ ఛానళ్లు కూడా చేయి కలుపుతున్నాయి.

ఈ యంత్రం ఎలా తిరుగుతుందో చూద్దాం. హాలీవుడ్ భారీ సినిమాకు చాలాసార్లు ఒక ఎంబార్గో, అంటే ఫలానా గడువు దాకా ఏమీ రాయకూడదన్న షరతు, కాదు, రెండు ఉంటాయి. ప్రివ్యూకు పిలిచేటప్పుడే స్టూడియో ప్రచార విభాగం షరతులు చెప్పి ఒప్పించుకుంటుంది. సోషల్ మీడియాలో నాలుగు ముక్కలు రాసుకోవడానికి ఫలానా రోజు, ఫలానా గంట. పూర్తి సమీక్ష వేయడానికి మరో రోజు, మరో గంట. మొదటి గడువు తీరగానే ఒకేసారి వందల పోస్టులు వచ్చిపడటానికి కారణం ఇదే. ఆనకట్ట గేట్లు ఎత్తే మనిషి స్టూడియోలో ఉంటాడు.

ఆ పోస్టులు మన దాకా వచ్చేసరికి మూడు జల్లెళ్లు దాటి వస్తాయి. మొదటిది పిలుపు. ప్రివ్యూకు ఎవర్ని పిలవాలో స్టూడియో నిర్ణయిస్తుంది. పాత్రికేయులతో పాటు అభిమానుల సైట్లు నడిపేవాళ్లు, ఇన్‌ఫ్లుయెన్సర్లు, నటులతో ఇంటర్వ్యూలు చేసేవాళ్లు ఆ హాల్లో పెద్ద సంఖ్యలో ఉంటారు. తారలు, దర్శకుడు కూడా అదే హాల్లో ఉన్న ప్రీమియర్ అయితే చప్పట్లు సినిమాకు పడ్డాయో మనుషులకు పడ్డాయో విడదీయలేం. రెండోది నిడివి. కథ బయటపెట్టకూడదు, సన్నివేశం చెప్పకూడదు అన్నాక మిగిలేవి విశేషణాలే. అద్భుతం, భావోద్వేగం, ఫలానా సినిమా తర్వాత ఇదే గొప్పది. మూడోది మౌనం. ఇదే అన్నిటికంటే ముఖ్యం. సినిమా నచ్చనివాడు ఆ రాత్రి సాధారణంగా ఏమీ రాయడు. తర్వాతి సినిమాకు పిలుపు రావాలి, ఇంటర్వ్యూకు సమయం దొరకాలి. నచ్చినవాడి పోస్టు లెక్కలోకి వస్తుంది. నచ్చనివాడి మౌనాన్ని లెక్కపెట్టే సైటు ఎక్కడా లేదు. నూరు మంది చూసి నలభై మంది పొగిడి అరవై మంది ఊరుకుంటే, మన ఫోన్ల మీద కనపడేది ‘నలభైకి నలభై పాజిటివ్’.

దీనికి 2023లో వచ్చిన ‘ది ఫ్లాష్’ కంటే పెద్ద ఉదాహరణ దొరకదు. ఆ ఏడాది జనవరి ఆఖర్లో డీసీ స్టూడియోస్ సారథి జేమ్స్ గన్, ఇప్పటిదాకా వచ్చిన గొప్ప సూపర్‌హీరో సినిమాల్లో బహుశా ఇదొకటి అన్నారు. దాని మాతృసంస్థ వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ అధినేత డేవిడ్ జాస్లావ్ కూడా పొగడ్తలో తగ్గలేదు. ఏప్రిల్ 25న లాస్ వెగాస్‌లో, థియేటర్ యజమానుల ఏటేటా సభ సినిమాకాన్‌లో, సినిమా మొత్తం వేసి చూపించారు. విడుదలకు అప్పటికి ఇంకా ఏడు వారాలకు పైగా ఉంది. ఆ రాత్రి స్పందనలతో సోషల్ మీడియా ఊగిపోయింది. మైకేల్ కీటన్ మళ్లీ బ్యాట్‌మ్యాన్‌గా రావడం గురించి, ఫ్లాష్‌గా ఎజ్రా మిల్లర్ ద్విపాత్రాభినయం గురించి పొగడ్తలే పొగడ్తలు.

ఆ హాల్లో కూర్చున్నది ఎవరో ఒకసారి ఆలోచించండి. ఆ సినిమాను తమ థియేటర్లలో వేసుకుని టికెట్లు, పాప్‌కార్న్ అమ్ముకోవాల్సిన యజమానులు. అప్పటికి కోవిడ్ దెబ్బ నుంచి పూర్తిగా కోలుకోనివాళ్లు, వేసవికి ఒక పెద్ద హిట్ కోసం తపిస్తున్నవాళ్లు. సరుకు అమ్మేవాడు సరుకు బాగుందని చప్పట్లు కొడితే అది తీర్పు ఎలా అవుతుంది? పైగా అక్కడ వేసింది పూర్తయిన ప్రతి కాదు. చివరి సన్నివేశం లేదు, గ్రాఫిక్స్ పని ఇంకా నడుస్తోంది. చూసినవాళ్లు గ్రాఫిక్స్‌లో లోపం కనపడినా ‘ఇంకా పని మిగిలుంది కదా’ అని మనసులోనే సర్దుకున్నారు.

ఆ సర్దుబాటు ఎంత ఖరీదైనదో సినిమా మొదటి పావుగంటే చెబుతుంది. గోథమ్ నగరంలో ఆసుపత్రి భవనం కూలుతుంటే పై అంతస్తు నుంచి పసిపిల్లలు గాల్లోకి జారిపోతారు. ఫ్లాష్ వేగానికి కాలం దాదాపు ఆగిపోతుంది. పడిపోతున్న వస్తువుల మధ్య తిరుగుతూ, ఆకలేసి తినుబండారాలు నోట్లో వేసుకుంటూ, ఒక్కో బిడ్డను పట్టుకుంటాడు. ఒక బిడ్డను మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి కాపాడతాడు. కాగితం మీద హాయైన హాస్యం, అందులో సందేహం లేదు. తెర మీద ఆ పిల్లల ముఖాలు మైనపు బొమ్మల్లా కనపడ్డాయి. ఫ్లాష్ కాలంలో వెనక్కి పరిగెత్తే దృశ్యాల్లో మనుషుల ఆకారాలకూ అదే జబ్బు. విడుదలయ్యాక ఆ చిన్న క్లిప్పులే ఊరూరా తిరిగాయి. హీరో కళ్లతో చూసిన ప్రపంచం అలా వంకరగా ఉండాలని తామే కోరుకున్నామని దర్శకుడు ఆండీ ముషియెట్టి వివరణ ఇచ్చారు. టికెట్ కొన్నవాడికి ఆ వివరణ తెర మీద కనపడలేదు. ఏప్రిల్‌లో వచ్చిన తొలి స్పందనల్లో ఈ సంగతిని గట్టిగా చెప్పినవి వెతికి పట్టుకోవాల్సిందే.

పూర్తి సమీక్షలకు గడువు తీరింది జూన్ 6న. ఏప్రిల్ 25 నుంచి జూన్ 6 దాకా, 42 రోజులు. ఆరు వారాల పాటు ఆ సినిమా గురించి బయట ఉన్న మాట ఒక్కటే, పొగడ్త. సమీక్షలు వచ్చాక, విమర్శకుల సమీక్షల్ని ఒకచోట చేర్చి లెక్కకట్టే సైటు రాటెన్ టొమాటోస్‌లో స్కోరు డెబ్బైల్లో మొదలై అరవైల మొదటికి జారింది. జూన్ 16న అమెరికాలో విడుదలైతే మొదటి మూడు రోజుల్లో వచ్చింది దాదాపు 5.5 కోట్ల డాలర్లు. సినిమా చూసి బయటికొచ్చేవాళ్లను అడిగే సినిమాస్కోర్ సర్వేలో ప్రేక్షకులు ఇచ్చిన గ్రేడు బి. రెండో వారాంతంలో వసూళ్లు 70 శాతానికి పైగా పడిపోయాయి. ప్రపంచం మొత్తం మీద 27 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. నిర్మాణానికే 20 కోట్ల డాలర్లు దాటిందని వార్తలు వచ్చిన సినిమా అది. టికెట్ డబ్బులో సుమారు సగం థియేటర్లకే పోతుంది, ప్రచార ఖర్చు వేరే. మామూలు లెక్కన పెట్టుబడికి రెండున్నర రెట్లు వస్తే గానీ ఒడ్డున పడదు. ఇక్కడ ఒకటిన్నర రెట్లు కూడా రాలేదు.

ఆ సినిమా బాగాలేకపోవడం ఒక సంగతి. ఆరు వారాల పొగడ్త దానికి మేలు చేయలేదు సరే, కీడు చేసింది. చరిత్రలోనే గొప్ప సూపర్‌హీరో సినిమా అని చెప్పి కూర్చోబెడితే, ఫరవాలేదనిపించే సినిమా కూడా దగాలాగే కనిపిస్తుంది. అరచేతిలో వైకుంఠం చూపించి తీసుకెళ్లినవాడికి మామూలు గుడి చూపిస్తే దండం పెట్టడానికి కూడా చేయి రాదు.

మొదట చెప్పిన రెండు తేదీలు ఇవే. స్పందనలకు గేటు ఎత్తిన రోజు, సమీక్షలకు గేటు ఎత్తిన రోజు. ఈ రెంటి మధ్య దూరమే స్టూడియో తన సినిమా గురించి తాను రాసుకున్న నిజమైన సమీక్ష. ‘యాంట్ మ్యాన్ అండ్ ది వాస్ప్: క్వాంటమేనియా’కు 2023 ఫిబ్రవరి 6న ప్రీమియర్ జరిగింది. ఆ రాత్రే విలన్ కాంగ్ పాత్ర గురించి పొగడ్తలు మొదలయ్యాయి. సమీక్షలు బయటికొచ్చింది ఫిబ్రవరి 14న, విడుదలకు మూడు రోజుల ముందు. స్కోరు 50 శాతం లోపే. తొలి వారాంతం అమెరికాలో 10 కోట్ల డాలర్లు దాటి, రెండో వారాంతం 70 శాతం దాకా కూలింది. ఎనిమిది రోజుల ఎడం.

ఇటువైపు చూడండి. 2019లో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ ప్రీమియర్ ఏప్రిల్ 22న. స్పందనలు ఆ రాత్రి, సమీక్షలు మర్నాడే. 2025 జులైలో ‘సూపర్‌మ్యాన్’కు స్పందనలు, సమీక్షలు ఒకే రోజున, జులై 8న వదిలారు. విడుదల 11న. సినిమాస్కోర్ ఎ మైనస్, అమెరికాలో తొలి వారాంతం సుమారు 12.5 కోట్ల డాలర్లు, ప్రపంచం మొత్తం మీద 60 కోట్ల పైచిలుకు. ‘ది ఫ్లాష్’ను ఆకాశానికెత్తిన జేమ్స్ గన్ గారే ఈ సినిమాకు దర్శకుడు. ఈసారి ఎడం పెట్టలేదు. పాఠం ఎక్కడ నేర్చుకున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. సమీక్షలు విడుదలకు దగ్గరగా వచ్చినంత మాత్రాన సినిమా చెత్త అనుకోకూడదు. ‘ఎండ్‌గేమ్’కు కూడా మూడు రోజుల ముందే వచ్చాయి. కథ బయటపడకూడదన్న భయం అక్కడ నిజమైనది. విడుదలకు పది రోజుల ముందు దాని ఫుటేజి కొంత లీకై, దర్శకులు రూసో సోదరులు కథ బయటపెట్టొద్దని అభిమానులకు బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. కానీ కథ దాచాలనుకున్నవాడు రెండు గేట్లనూ దాదాపు ఒకేసారి ఎత్తుతాడు. పొగడ్తకు మాత్రం ముందు గేటు ఎత్తి, విమర్శను ఆపేవాడు దాచేది కథను కాదు.

ఈ రెండు తేదీలతో పాటు చూడాల్సిన రోజు ఇంకొకటుంది. బుకింగ్ తెరిచే రోజు. ‘ఎండ్‌గేమ్’కు అమెరికాలో ఏప్రిల్ 2న టికెట్లు పెడితే బుకింగ్ యాప్‌లు కుప్పకూలాయి. మొదటి సమీక్ష రావడానికి అప్పటికి మూడు వారాలుంది. ఎదురుచూపు డబ్బుగా మారేది ఆ రోజునే. 

స్కోర్లు చదవడంలో కూడా మనం చాలా తేలిగ్గా పోతున్నాం. రాటెన్ టొమాటోస్‌లో 90 శాతం అంటే సినిమాకు నూటికి తొంభై మార్కులు వచ్చాయని కాదు. రాసినవాళ్లలో నూటికి తొంభై మంది ‘ఫరవాలేదు, చూడొచ్చు’ వైపు మొగ్గారని మాత్రమే. వంద మంది విమర్శకులూ ఐదుకు మూడు చొప్పున ఇచ్చారనుకోండి, స్కోరు 100 శాతం. ఇంకో సినిమాకు డెబ్బై మంది నాలుగున్నర, ముప్పై మంది రెండు ఇచ్చారనుకోండి, స్కోరు 70 శాతం. సగటు మాత్రం 3.75. రెండో సినిమాను డెబ్బై మంది గుండెకు హత్తుకున్నారు. మొదటి సినిమాను ఒక్కరు కూడా హత్తుకోలేదు. శీర్షికల్లో ‘100 శాతం’ అని మెరిసేది మొదటిదే. అందుకే ఆ పేజీలో శాతం మీద నొక్కి లోపలున్న సగటు రేటింగు చూడాలి, ఎన్ని సమీక్షల మీద లెక్క కట్టారో చూడాలి. మొదటి గంటలో యాభై సమీక్షల మీద వచ్చిన అంకె రెండు వందలు దాటేసరికి కొంత దిగడం సూపర్‌హీరో సినిమాల్లో మామూలే. ముందు పడేవి ఎక్కువగా ఆ సినిమాల మీద ప్రేమతో బతికే సైట్ల సమీక్షలు. పెద్ద పత్రికల పాత కాపులు నింపాదిగా వస్తారు.

ఆ అంకెను ఎప్పుడు బయటపెట్టాలన్నది కూడా ఆటలో భాగం కాగలదు. 2017 నవంబర్‌లో ‘జస్టిస్ లీగ్’ సమీక్షలు వచ్చాక కూడా రాటెన్ టొమాటోస్ తన స్కోరును వెంటనే చూపలేదు. తమ కొత్త వీడియో కార్యక్రమంలో వెల్లడిస్తామని విడుదల ముందురోజు దాకా ఆపింది. అప్పట్లో ఆ సైటు మాతృసంస్థలో వార్నర్ బ్రదర్స్‌కు వాటా ఉండేది. ఆ సినిమా కూడా వార్నర్‌దే. కారణం ఏదైనా, చూసేవాడికి సందేహం రాకుండా ఉంటుందా?

వీటన్నిటికంటే నమ్మదగింది సినిమాస్కోర్. శుక్రవారం రాత్రి అమెరికా, కెనడా థియేటర్ల దగ్గర, టికెట్ కొని చూసి బయటికొస్తున్నవాళ్ల చేతికే చీటీ ఇచ్చి గ్రేడు అడుగుతారు. మౌనం అనే జల్లెడ అక్కడ చాలావరకు లేదు. ఒక కిటుకు మాత్రం గుర్తుంచుకోవాలి. తొలిరోజు వచ్చేది ఆ సినిమా కోసం పడిచచ్చేవాళ్లు. వాళ్లే బి ఇచ్చారంటే, మామూలు జనం ఏమంటారో ఊహించుకోవచ్చు. ‘బ్యాట్‌మ్యాన్ వి సూపర్‌మ్యాన్’కు 2016లో బి వచ్చింది. తొలి వారాంతం 16.6 కోట్ల డాలర్లు కొట్టి, రెండోదానికి దాదాపు 69 శాతం పడిపోయింది. సూపర్‌హీరో సినిమాకు ఎ మైనస్ కనీస మర్యాద. ఆ గ్రేడు మనకు శనివారం పొద్దున తెలుస్తుంది. తొలిరోజు తొలిఆట చూసేవాళ్లకు అది దొరకదు. ‘ది ఫ్లాష్’ ఇక్కడ ఒక రోజు ముందే, జూన్ 15 గురువారం విడుదలైంది. కానీ కుటుంబాన్ని తీసుకెళ్దామనుకునేవాళ్లు శనివారం దాకా ఆగితే పోయేదేమీ లేదు.

స్పందనలూ సమీక్షలూ ఎలా ఉన్నా జనం చూసేది చూస్తారు, ఇంత రాద్ధాంతం ఎందుకు అనేవాళ్లున్నారు. 2018లో ‘వెనమ్’ను విమర్శకులు చీల్చి చెండాడారు, స్కోరు 30 శాతం దగ్గర ఉంది, అయినా 85 కోట్ల డాలర్లు వసూలు చేసింది. 2019లో ‘కెప్టెన్ మార్వెల్’ మీద విడుదలకు ముందే విద్వేషం కక్కారు. సినిమా చూడకుండానే వచ్చిపడుతున్న వ్యాఖ్యల్ని ఆపడానికి రాటెన్ టొమాటోస్ తన పద్ధతినే మార్చుకుంది. ఆ సినిమా వంద కోట్ల డాలర్లు దాటింది. నిజమే. ఆ రెండు ఉదాహరణలూ ఇక్కడి వాదనకే బలం. రెండు చోట్లా గెలిచింది టికెట్ కొన్నవాడి మాట. సినిమా చూడకముందు పుట్టిన ద్వేషం ఎంత అబద్ధమో, పిలిచి చూపించి పుట్టించిన పొగడ్త కూడా అంతే అబద్ధం. మొదటిదాన్ని ఆపడానికి సైట్లు నియమాలు పెట్టుకున్నాయి. రెండోదానికి మాత్రం శీర్షికలు పెడుతున్నాయి.

‘ది ఫ్లాష్’ వారంలోనే హైదరాబాద్‌లో ఏం జరిగిందో గుర్తుందా? 2023 జూన్ 16న ‘ఆదిపురుష్’ వచ్చింది. అంతకుముందు అక్టోబర్‌లో టీజర్ గ్రాఫిక్స్‌ను జనం ఏకిపారేస్తే, సంక్రాంతి నుంచి వాయిదా వేసుకుని మరీ తెచ్చిన సినిమా. ప్రసాద్స్ బయట మైకు ముందు సినిమా బాలేదని చెప్పిన ఒక ప్రేక్షకుడి మీద అభిమానులు దాడి చేసిన వీడియో ఆ రోజంతా టీవీల్లో తిరిగింది. నిర్మాతలు వందల కోట్ల వసూళ్లంటూ పోస్టర్లు వేశారు. సోమవారం రాగానే వసూళ్లు కూలాయి. విమర్శ వచ్చిన డైలాగులు మార్చారు, ఉత్తరాదిన టికెట్‌ను 150 రూపాయలకు, తర్వాత 112కు దించారు. ఆ ప్రేక్షకుడు శుక్రవారం చెప్పిన మాటే సోమవారం దేశమంతా చెప్పింది. తేడా ఏమిటంటే, అతను దెబ్బలు తిన్నాడు.

అసలు బాధ ఇక్కడే. హాలీవుడ్ తొలి స్పందనలకు కనీసం ఎంబార్గో అనే చట్రం ఉంది, ఎవరు ఎప్పుడు చూశారో తెలుస్తుంది. మన దగ్గర ఆ మాత్రం కూడా లేదు. ‘ఇన్‌సైడ్ టాక్’ అంటారు. లోపలున్నది ఎవరో తెలియదు. ‘సెన్సార్ టాక్’ అంటారు. సెన్సార్ బోర్డు సభ్యులు సినిమా చూసి సర్టిఫికెట్ ఇస్తారు, కోతలు చెబుతారు. సెకండాఫ్ అదిరిందనో ఇంటర్వెల్ పేలిందనో చెప్పడం వాళ్ల పని కాదు, అలాంటి నివేదిక ఏదీ బోర్డు నుంచి రాదు. ఓవర్సీస్ సెన్సార్ సభ్యుడినని చెప్పుకుంటూ సినిమా చూడకుండానే నాలుగు చుక్కలు ఇచ్చేవాళ్ల పోస్టుల్ని కూడా మన సైట్లు వార్తలుగా వేస్తున్నాయి. ఆ వార్త చదివి టికెట్ కొన్న కాలేజీ పిల్లాడి డబ్బుకు ఎవరు జవాబు చెబుతారు?

ఆ తర్వాత అమెరికా ప్రీమియర్లు. అక్కడ తూర్పు తీరంలో సాయంత్రం ఆరు గంటల ఆట అంటే మనకు తెల్లవారుజామున మూడున్నర, చలికాలమైతే నాలుగున్నర. ఆట నడుస్తుండగానే హాల్లోంచి పోస్టులు. మొదటి ఇరవై నిమిషాలు స్లో, పాట బాగుంది, ఇంటర్వెల్ బ్లాక్ సూపర్. సినిమా సగం కూడా కాకముందే దాని జాతకం రాసేస్తారు. పొద్దున ఏడింటికి సైట్లలో సమీక్ష పడాలి కాబట్టి రాసేవాడు కూడా తెర చూస్తూనే టైపు చేస్తాడు. చివర్లో ఐదుకు 2.75. ఆ పావు చుక్క ఎక్కడి నుంచి వచ్చింది? మూడు ఇస్తే పొగిడినట్టు, రెండున్నర ఇస్తే తిట్టినట్టు అవుతుందని మధ్యలో పెట్టిన అంకె అది. ఛాయాగ్రహణం ఎందుకు కుదరలేదు, రెండో సగంలో కథ ఏ సన్నివేశం దగ్గర చేజారింది, నేపథ్య సంగీతం ఎక్కడ మాటల్ని మింగేసింది అని రాసే ఓపికను ఆ పావు చుక్క తినేసింది. తెలుగులో సినిమా విమర్శ చేతగాక ఇలా కాలేదు. గంటల పందెంలో చేయనివ్వక ఇలా అయింది.

మంచి దారి కూడా ఇక్కడే ఉంది, అదీ ఒక సూపర్‌హీరో సినిమాదే. 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’ను తెచ్చినప్పుడు పక్కన పెద్ద హీరో సినిమా ఉంది, థియేటర్లు సరిగా దొరకలేదు. జనవరి 12న విడుదలైతే, 11 సాయంత్రమే పెయిడ్ ప్రీమియర్లు వేశారు. పూర్తయిన సినిమా, టికెట్ కొన్న మామూలు జనం, నోటికి తాళం లేదు. నచ్చితే నచ్చిందంటారు, లేకపోతే లేదంటారు. ఆ ఒక్క రాత్రి పుట్టిన మౌత్ టాక్ ఆ సినిమాను వారాల తరబడి నిలబెట్టింది. సినిమా మీద నమ్మకం ఉన్న నిర్మాతకు ఇంతకంటే చవకైన, నిజాయితీ ఉన్న ప్రచారం ఉండదు. ప్రీమియర్ అంటే తారలు వచ్చి రోడ్డు స్తంభించాలన్న నియమం కూడా లేదు. 2024 డిసెంబర్ 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయాక, ఇకపై బెనిఫిట్ షోలకు అనుమతి ఇచ్చేది లేదని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ప్రీమియర్లు కావాలంటే ఆ రాత్రి ఎన్ని హాళ్లలో వేస్తారు, గేటు దగ్గర ఎంతమంది ఉంటారు, తారలు వస్తారా రారా అన్నవి ముందే తేల్చుకోవాలి.

ఈలోగా నిర్మాతలు మరో మందు వెతుకుతున్నారు. సమీక్షల్నే ఆపాలట. కేరళ హైకోర్టులో రివ్యూ బాంబింగ్ (సినిమాను దెబ్బకొట్టడానికి కావాలని కుప్పలుగా చెడ్డ సమీక్షలు వేయడం) మీద విచారణ నడిచినప్పుడు, విడుదలైన 48 గంటల దాకా వ్లాగర్లు సమీక్షలకు దూరంగా ఉండాలన్న సూచన కోర్టు సహాయకుడి నివేదికలో వచ్చింది. తమిళ నిర్మాతల సంఘం 2024 డిసెంబర్‌లో మద్రాస్ హైకోర్టుకు వెళ్లి మూడు రోజులు ఆపమని అడిగింది. తెలుగు నిర్మాతల నుంచీ ఇలాంటి మాటే అప్పుడప్పుడూ వినపడుతోంది. డబ్బు తీసుకుని తిట్టేవాళ్లు ఉన్నారు, దొంగ ఖాతాలతో ఒక్క చుక్క రేటింగులు గుద్దేవాళ్లు ఉన్నారు. వాళ్ల మీద కేసులు పెట్టండి, ఎవరూ కాదనరు. కానీ మూడు రోజుల మౌనం అడిగే నిర్మాత, అదే మూడు రోజులు తన నోరు కూడా మూసుకుంటాడా? పొద్దుటి ఆట వదలకముందే ‘బ్లాక్‌బస్టర్’ పోస్టర్ వేయకుండా, సాయంత్రానికి సక్సెస్ మీట్ పెట్టకుండా, లెక్క చెప్పని వంద కోట్ల అంకె వదలకుండా ఉంటాడా? విమర్శకు గడువు పెట్టి పొగడ్తకు పెట్టకపోతే, అది ‘ది ఫ్లాష్’కు వేసిన ఎత్తే. 42 రోజులు కాస్తా 72 గంటలు అవుతుంది, అంతే.

సైట్లు నడిపేవాళ్లు చేయగలిగింది ఒకటుంది, దానికి కోర్టు అక్కర్లేదు. తొలి స్పందన అని వార్త వేసే ప్రతిసారీ పైన మూడు వరసలు రాయండి. సినిమాను ఎవరు, ఎక్కడ చూపించారు. రానుపోను, బస ఖర్చు ఎవరిది. చూపించింది పూర్తయిన ప్రతా కాదా, పూర్తి సమీక్షలకు గడువు ఎప్పుడు. ఆ మూడూ తెలియకపోతే ఆ వార్త వేయొద్దు. ‘డూమ్స్‌డే’ ప్రీమియర్ రాత్రి పోస్టుల వరద వచ్చినప్పుడు, దాన్ని తెలుగులోకి దించి ‘ఫస్ట్ రివ్యూ’ అని పెట్టబోయే డెస్కు నుంచే ఇది మొదలవ్వాలి.